విదేశీ టోర్నీలో జెట్ లాగ్: పిల్లలు ఇంటి దగ్గర లేచే టైమ్ నుంచే లెక్క మొదలుపెట్టండి

హైదరాబాద్ బ్యాడ్మింటన్ అకాడమీల్లో జూనియర్లు చాలామంది తెల్లవారుజామున 4.30కే లేస్తారు. 5 గంటలకల్లా కోర్టులో ఉంటారు, రాత్రి 9కి పడుకుంటారు. అలాంటి అమ్మాయిని ఫిబ్రవరి చివర్లో డచ్ జూనియర్ టోర్నీ కోసం నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ తీసుకెళ్లారనుకోండి. చలికాలంలో నెదర్లాండ్స్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. మన 4.30 అంటే అక్కడ సరిగ్గా అర్ధరాత్రి 12. మన రాత్రి 9 అంటే అక్కడ సాయంత్రం 4.30. అంటే ఆ అమ్మాయికి సాయంత్రం నాలుగున్నరకే కళ్లు మూతలు పడతాయి, అర్ధరాత్రికల్లా మెలకువ వచ్చేస్తుంది. రాత్రి 8 గంటలకు మ్యాచ్ పడితే, ఆమె శరీరానికి అది అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర.

ఇంటి దగ్గర ఉదయం 7.30కి లేచే కుర్రాడికి అదే హార్లెమ్‌లో 3 గంటలకు మెలకువ వస్తుంది. అతని బాధ వేరు, అతనికి చెప్పాల్సిన జాగ్రత్తలూ వేరు. జెట్ లాగ్ గురించి ఎక్కడ చదివినా ఎన్ని టైమ్ జోన్లు దాటారన్నదే లెక్క వేస్తారు. అది సగం లెక్కే. మిగతా సగం ఆ పిల్లలు ఇంటి దగ్గర ఎన్నింటికి లేస్తారన్నది. తెల్లవారుజామునే ట్రైనింగ్‌కు వెళ్లే మన పిల్లల విషయంలో ఈ రెండో సగమే ఎక్కువ ముఖ్యం. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందుగా: బడలిక వేరు, జెట్ లాగ్ వేరు

గుంటూరు నుంచి రాత్రంతా కారులో శంషాబాద్ చేరి, అక్కడ 3 గంటలు కూర్చుని, గల్ఫ్‌లో ఫ్లైట్ మారి, మొత్తం ఒక రోజు ప్రయాణం చేస్తే ఒళ్లు హూనమవుతుంది. ఇది ప్రయాణ బడలిక. టైమ్ జోన్ మారకపోయినా వస్తుంది, గువాహటి వెళ్లినా వస్తుంది. నిద్ర చాలకపోవడం, ఒకే భంగిమలో కూర్చోవడం, నీళ్లు తక్కువ తాగడం, వేళ తప్పిన తిండి దీనికి కారణాలు. ఒకటి రెండు రాత్రులు బాగా నిద్రపోతే తీరిపోతుంది.

జెట్ లాగ్ నిద్రపోయినంత మాత్రాన పోదు. మెదడులో హైపోథాలమస్ దగ్గర చిన్న నాడీకణాల గుంపు ఒకటి ఉంటుంది, శరీరానికి గడియారం అదే. నిద్ర ఎప్పుడు రావాలి, ఒంటి వేడి ఎప్పుడు పెరగాలి, ఆకలి ఎప్పుడు వేయాలి అన్నవి అదే నడుపుతుంది. మనం దేశం మారినా అది కొన్నాళ్లు హైదరాబాద్ టైమ్‌లోనే ఉంటుంది. పడమరకు వెళ్తే రోజుకు సుమారు గంటన్నర, తూర్పుకు వెళ్తే రోజుకు సుమారు గంట చొప్పున సర్దుకుంటుంది. పడమర కాస్త సులువు కావడానికి కారణం, మనిషి లోపలి గడియారం 24 గంటలకంటే కొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం దానికి తేలిక. టీనేజ్ పిల్లల్లో ఈ ధోరణి ఇంకా ఎక్కువ.

ఈ తేడా తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. మొదటి రోజు పదిగంటలు నిద్రపోయి లేచిన పిల్లను చూసి, "ఇక ఫ్రెష్‌గా ఉంది" అని కోచ్ ఫుల్ సెషన్ పెట్టేస్తారు. బడలిక పోయింది, జెట్ లాగ్ ఉంది. షటిల్ అరక్షణం ఆలస్యంగా అందుకోవడం, తేలికైన నెట్ షాట్లు వదిలేయడం, చిన్న మాటకు కళ్లనీళ్లు పెట్టుకోవడం, మలబద్ధకం ఇవన్నీ ఆ గుర్తులే. ఆటలో నిర్లక్ష్యం అని కేకలేసే ముందు ఒకసారి ఇండియా టైమ్ ఎంతైందో చూడండి.

మొదటి అడుగు: ఒంటి వేడి బాగా తగ్గే వేళ లెక్క వేయండి

చీటీ మీద రాసుకోవాల్సిన అంకె ఒక్కటే. ఒంటి వేడి రోజు మొత్తంలో అతి తక్కువకు పడిపోయే సమయం. దాన్ని అడుగు పాయింట్ అందాం. అలారం లేకుండా మామూలుగా లేచే టైమ్‌కు సుమారు రెండు, రెండున్నర గంటల ముందు అది వస్తుంది. 4.30కి లేచే అమ్మాయికి ఇండియా టైమ్ ప్రకారం రాత్రి 2. 7.30కి లేచే కుర్రాడికి తెల్లవారుజామున 5.

దీనితో పనేమిటంటే, గడియారాన్ని ముందుకో వెనక్కో జరిపే బలమైన సాధనం వెలుతురు. అడుగు పాయింట్‌కు ముందు కొన్ని గంటలు వెలుతురు పడితే గడియారం ఆలస్యమవుతుంది, పడమర ప్రయాణానికి అదే కావాలి. ఆ పాయింట్ తర్వాత కొన్ని గంటలు వెలుతురు పడితే గడియారం ముందుకు జరుగుతుంది, తూర్పు ప్రయాణానికి అది కావాలి. తప్పు వేళలో ఎండలో నిలబడితే చేసిన శ్రమంతా వెనక్కి పోతుంది. "దిగగానే ఎండలో తిరగండి" అన్న సలహా అందరికీ ఒకేలా పనికిరాకపోవడానికి కారణం ఇదే.

అకాడమీ అమ్మాయికి ఇండియా రాత్రి 2 అంటే హార్లెమ్‌లో రాత్రి 9.30. అంటే సాయంత్రం 4 నుంచి రాత్రి 8.30 దాకా ఆమె ఎంత వెలుతురులో ఉంటే అంత మంచిది. పడుకున్నాక అర్ధరాత్రి మెలకువ వచ్చి ఫోన్ తెరిచిందంటే, ఆ వెలుతురు అడుగు పాయింట్ తర్వాత పడుతుంది, గడియారాన్ని మళ్లీ హైదరాబాద్ వైపే లాగుతుంది. రాత్రి ఒంటిగంటకు అరగంట రీల్స్ చూడటం వల్ల పోయేది ఆ అరగంట నిద్రే అనుకుంటారు. పగలంతా పడ్డ శ్రమ కూడా దానితో పోతుంది.

రెండో అడుగు: ఎన్ని రోజుల ముందు చేరాలి

ఐదారు గంటల తేడా దాటితే, గంటకు ఒక రోజు చొప్పున ముందు చేరమని సాధారణంగా చెబుతారు. తేడా అంతకన్నా తక్కువైన యూరప్‌కు కనీసం 3 రోజులు, కుదిరితే 4. జపాన్, కొరియాలకు 3. చైనాకు తేడా రెండున్నర గంటలే కాబట్టి 2 రోజులు చాలు.

హోటల్ ఖర్చు ఇక్కడే అడ్డం పడుతుంది. జూనియర్లలో ఎక్కువమంది సొంత డబ్బుతోనే వెళ్తారు, ఆ సంగతి తెలుసు. హార్లెమ్ తర్వాత వారం బెర్లిన్‌లో జర్మన్ జూనియర్ ఉంటుంది కాబట్టి చాలా కుటుంబాలు రెండూ కలిపి ప్లాన్ చేసుకుంటాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఏడాదిలో నాలుగు విదేశీ టోర్నీలకు ఒక్కరోజు ముందు చేరడం కన్నా, మూడింటికి మూడేసి రోజుల ముందు చేరడం మేలు. మొదటి రౌండ్‌లోనే నిద్రమత్తులో ఓడిపోయి వస్తే ఆ ఫ్లైట్ టికెట్టుకు అర్థమేముంది? అది కూడా కుదరదంటే కింద చెప్పే మూడో అడుగు ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

మూడో అడుగు: ఇంటి దగ్గరే గడియారం జరపడం

బయలుదేరే ముందు వారం పిల్లలు రోజూ పూర్తిగా నిద్రపోయేలా చూడండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి 9కి పడుకుని 4.30కి లేస్తే వచ్చేది ఏడున్నరే. స్కూలు, అకాడమీ, ట్యూషన్ల మధ్య నలిగే మన పిల్లలు నిద్ర బాకీతోనే ఫ్లైట్ ఎక్కుతారు. ఆ బాకీ తీరకుండా జెట్ లాగ్‌తో పోరాడటం చాలా కష్టం.

చివరి మూడు రోజులూ పడమర వెళ్లేవాళ్లు రోజుకు 45 నిమిషాలు ఆలస్యంగా పడుకోవాలి, అంతే ఆలస్యంగా లేవాలి. మన అమ్మాయి మొదటి రోజు రాత్రి 9.45కి, రెండో రోజు 10.30కి, మూడో రోజు 11.15కి పడుకుంటుంది. లేవడం వరుసగా 5.15, 6, 6.45కి. సాయంత్రాలు ఇంట్లో లైట్లన్నీ వేసి ఉంచండి. ఉదయం లేచేదాకా కర్టెన్లు మూసే ఉండాలి. ఇలా చేస్తే ఫ్లైట్ ఎక్కేసరికే రెండుంపావు గంటలు జరిగిపోతుంది, అంటే దాదాపు సగం పని ఇంట్లోనే అయిపోయినట్టు.

ఇందులో ఒక్కటే అడ్డంకి, 5 గంటల ట్రైనింగ్. ఆ మూడు రోజులూ ఉదయం సెషన్ మానాలి, లేదా ఆలస్యంగా రావాలి. కోచ్ ఒప్పుకోకపోతే ఈ పద్ధతి మొత్తం వృథా. కోచ్‌లందరికీ నా విన్నపం ఇదే: టోర్నీకి మూడు రోజుల ముందు ఒక ఉదయం సెషన్ వల్ల కొత్తగా వచ్చే ఫిట్‌నెస్ ఏమీ ఉండదు. ఆ గంటన్నర నిద్ర హార్లెమ్‌లో రాత్రి మ్యాచ్‌లో పనికొస్తుంది. సాయంత్రం సెషన్ పెట్టండి, కాస్త లేటుగా పెట్టండి. తల్లిదండ్రులు కూడా అడగడానికి మొహమాటపడొద్దు. "సార్, మూడు రోజులు పొద్దున సెషన్‌కు ఏడింటికి పంపిస్తాం" అని వారం ముందే చెప్పేస్తే సరిపోతుంది.

నాలుగో అడుగు: ప్రయాణం రోజు

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే ఫ్లైట్లు చాలావరకు తెల్లవారుజామున 3, 4 గంటలకు బయలుదేరతాయి. ఆ రాత్రి నిద్ర ఎలాగూ పోతుంది. అందుకే ఆ రోజు మధ్యాహ్నం 2 నుంచి 3.30 దాకా పడుకోబెట్టండి. సామాను సర్దడం ముందు రోజే అయిపోవాలి. బయలుదేరే రోజు బంధువులు రావడం, దిష్టి తీయడం, ఫొటోలు, చివరి నిమిషంలో రాకెట్ గ్రిప్‌ల కోసం పరుగులు, ఈ హడావిడిలో ఆ గంటన్నర నిద్ర పోకుండా చూసుకోవాలి. విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు వీలైతే ముందు రోజే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో ఉండటం మంచిది.

విమానం ఎక్కగానే పిల్లలు సినిమాలు మొదలుపెడతారు. మొదటి ఫ్లైట్‌లో అది వద్దు. భోజనం కూడా వదిలేయొచ్చు, కళ్లకు గంతలు కట్టుకుని వెంటనే పడుకోవాలి. శరీరానికి అది రాత్రే. రెండో ఫ్లైట్‌లో మొదటి రెండు మూడు గంటలు పడుకున్నా ఫరవాలేదు, చివరి నాలుగు గంటలు మాత్రం మేలుకుని ఉండాలి. లేకపోతే హోటల్‌లో ఆ రాత్రి నిద్ర రాదు.

క్యాబిన్‌లో గాలి చాలా పొడిగా ఉంటుంది, తేమ 20 శాతం కూడా ఉండదు. అందుకే నోరు, ముక్కు ఎండిపోతాయి. ఖాళీ బాటిల్ తీసుకెళ్లి సెక్యూరిటీ దాటాక నింపించుకోండి. గంటకోసారి కొన్ని గుక్కలు తాగితే చాలు, ఒకేసారి లీటరు తాగితే టాయిలెట్‌కు తిరగడమే అవుతుంది. ప్రతి గంటన్నరకు లేచి నడవాలి, పిక్కలు సాగదీయాలి. పొడుగ్గా ఉండే పిల్లలకు నడవా పక్క సీటు అడగండి.

చేతులు కడుక్కోవడం గురించి పిల్లలు పట్టించుకోరు, పెద్దలే గుర్తుచేయాలి. 2010 సూపర్ రగ్బీ సీజన్‌లో ఆటగాళ్లను గమనించినప్పుడు, ఐదు గంటలకు మించిన టైమ్ తేడా ఉన్న చోట్లకు వెళ్లినవాళ్లలో జబ్బు పడటం రెండు మూడు రెట్లు పెరిగింది. ఇంటికి తిరిగి వచ్చాక ఆ పెరుగుదల లేదు. అంటే తప్పు విమానానిదే అనుకోవడానికి లేదు, కొత్త చోటు తిండి, వాతావరణం, సూక్ష్మజీవులు కూడా కారణమే. దిగాక కూడా చేతుల విషయం మరవొద్దని అర్థం.

ఐదో అడుగు: దిగిన రోజు

ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం నుంచి హార్లెమ్ దగ్గరే. మధ్యాహ్నం 3 గంటలకు గదికి చేరారనుకుందాం. అప్పుడు మనకు సాయంత్రం 7.30. మంచం చూడగానే పడిపోవాలనిపిస్తుంది. ఇరవై, ముప్పై నిమిషాల కునుకుకు ఒప్పుకోండి, 4 గంటలలోపు అయిపోవాలి, అలారం పెద్దవాళ్ల ఫోన్‌లో ఉండాలి. తర్వాత స్నానం, ఆపైన బయటికి నడక. ఆ సీజన్‌లో అక్కడ సాయంత్రం 6 దాటాక చీకటి పడుతుంది, ఈలోగా ఎంత వెలుతురు దొరికితే అంత. మబ్బు పట్టినా బయటి వెలుతురు గదిలో లైట్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి "ఎండ లేదుగా" అని గదిలో ఉండిపోవద్దు. చలికి టోపీ, గ్లవ్స్ మరవొద్దు.

చీకటి పడ్డాక బాగా లైట్లున్న చోట కూర్చోండి. హోటల్ లాబీ, సూపర్ మార్కెట్, ఏదైనా సరే. 7కి తేలికైన భోజనం. 9 దాకా ఎలాగోలా మేలుకొలిపి ఉంచి అప్పుడు పడుకోబెట్టాలి. ఈ సాయంత్రం గట్టెక్కితే తర్వాత రోజులు సులువవుతాయి, అందుకే పిల్లలను ఒంటరిగా గదిలో వదలొద్దు. నలుగురూ కలిసి చీట్లాడుకోవడం, మర్నాటి బ్యాగు సర్దుకోవడం లాంటి చేతిపని ఏదైనా పెట్టండి.

రాత్రి మెలకువ వస్తుంది, అది ఖాయం. ఆ సంగతి ముందే చెప్పి ఉంచితే పిల్లలకు టెన్షన్ ఉండదు. ఫోన్ పెద్దవాళ్ల దగ్గరో, బాత్రూమ్ షెల్ఫ్‌లోనో ఉండాలి. లైట్ వేయకూడదు. ఆకలేస్తే మంచం పక్కన పెట్టుకున్న అరటిపండో, నాలుగు బిస్కెట్లో తిని మళ్లీ కళ్లు మూసుకోవాలి. నిద్ర రాకపోయినా చీకట్లో పడుకోవడం విశ్రాంతే అని చెప్పండి. గదిలో ఇద్దరుంటే ఇద్దరికీ మెలకువ వచ్చి గుసగుసలు మొదలవుతాయి, మూడు గంటలైనా ఆగవు. ఇద్దరికీ కలిపే ముందుగా మాట చెప్పాలి.

ఇంటి నుంచి వచ్చే ఫోన్ల గురించి కూడా చెప్పుకోవాలి. ఇక్కడ ఉదయం 7 గంటలకు నాన్న ప్రేమగా "లేచావా తల్లీ" అని ఫోన్ చేస్తే అక్కడ రాత్రి 2.30. తాతయ్య గుడ్ మార్నింగ్ మెసేజ్ శబ్దం చాలు నిద్ర పాడు చేయడానికి. ఫ్యామిలీ గ్రూపులు మ్యూట్ చేయండి. మాట్లాడటానికి మంచి వేళ మన సాయంత్రం 6 నుంచి 8.30, అక్కడ 1.30 నుంచి 4. అందులోనూ సాయంత్రం కునుకు ఆపడానికి అమ్మ ఫోన్‌కు మించింది లేదు, కాబట్టి దిగిన రోజు మన 8.30కి చేయండి.

ఆరో అడుగు: మ్యాచ్ దాకా ప్రాక్టీస్, తిండి

దిగిన మర్నాడు ముప్పై, నలభై నిమిషాల తేలిక కదలిక చాలు. ఫుట్‌వర్క్, కొంచెం డ్రాప్‌లు, క్లియర్లు, హాలు గాలి ఎటు వీస్తుందో చూసుకోవడం. మల్టీ షటిల్ (వరుసగా షటిళ్లు విసిరి కొట్టించే డ్రిల్), బరువులు ఆ రోజు వద్దు. రెండో రోజు గంట, ఓ మోస్తరు వేగం. మూడో రోజు మామూలు తీవ్రత, సమయం మాత్రం తక్కువ. హాలు దొరికితే సాయంత్రం స్లాట్ అడగండి. పడమర వెళ్లినవాళ్లకు గండం ఉదయం మ్యాచ్‌తో కాదు, అక్కడి 9 గంటలు మన మధ్యాహ్నం 1.30. గండమంతా రాత్రి మ్యాచ్‌తోనే. శరీరం చల్లబడే వేళ కాబట్టి వార్మప్ పది, పదిహేను నిమిషాలు ఎక్కువ కావాలి, ట్రాక్‌సూట్ కోర్టులోకి వెళ్లేదాకా తీయకూడదు. రాత్రి మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం 1 నుంచి 2 మధ్య ముప్పై నిమిషాల కునుకు మేలు చేస్తుంది.

తిండి మొదటి రోజు నుంచే అక్కడి వేళలకు మారాలి. ముఖ్యంగా ఉదయం టిఫిన్ లేచిన గంటలోపు. హోటల్‌లో బ్రెడ్, గుడ్లు, పెరుగు, ఓట్స్ దొరుకుతాయి. రాత్రి 7 గంటల భోజనం కడుపుకు మన పదకొండున్నర, అందుకే అరగదు. ఆ పూట అన్నం, పప్పు లాంటి తేలికైనవి పెట్టి, ఎక్కువ తిండి మధ్యాహ్నం పెట్టండి. కందిపొడి, ఆవకాయ, అటుకులు, వేరుశనగ ఉండలు తీసుకెళ్లండి, నోటికి అలవాటైన రుచి ఉంటే పిల్లలు తింటారు. చికెన్ పచ్చడి, పాలకోవా, పనీర్ మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురావడం నిషేధం.

టీ, కాఫీ అలవాటున్న పిల్లలు మధ్యాహ్నంలోపు ఒక కప్పు తాగొచ్చు. ఎనర్జీ డ్రింకులు పిల్లలకు వద్దే వద్దు.

అమ్మాయిలకు ప్రయాణాల్లో నెలసరి ముందో వెనకో కావచ్చు. బ్యాగులో ప్యాడ్లు ఉండాలి. జట్టుతో వెళ్లే కోచ్ మగవారైతే, ఎవరికి చెప్పుకోవాలో బయలుదేరే ముందే తేల్చాలి. సిగ్గుపడి నొప్పితో ఆడే పిల్లలున్నారు.

ఏడో అడుగు: మందులు

"నిద్ర పట్టడానికి ఒక సెట్రిజిన్ వేయండి" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి జట్టులో ఒకరుంటారు. ఒప్పుకోవద్దు. అలర్జీ మాత్రల మత్తు మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంటుంది, గడియారాన్ని అవి జరపవు. పిల్లలకు నిద్రమాత్రల సంగతి అసలు తలపెట్టొద్దు.

నిద్ర వేళను శరీరానికి తెలిపే హార్మోన్ మెలటోనిన్, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో లేదు. అయినా 18 ఏళ్లలోపు పిల్లలకు డాక్టర్ చెప్పకుండా ఇవ్వకూడదు. వేళ తప్పి ఇస్తే గడియారం తప్పు దిశలో జరుగుతుంది. పైగా గమ్మీల రూపంలో అమ్మేవాటి నాణ్యత మీద నమ్మకం పెట్టుకోలేం. అమెరికాలో అమ్ముతున్న 25 మెలటోనిన్ గమ్మీలను పరీక్షిస్తే 22 డబ్బాల మీద రాసిన మోతాదు తప్పని 2023లో జామా వైద్య పత్రిక ప్రచురించింది. చెప్పని పదార్థం లోపల ఉంటే డోపింగ్ బాధ్యత ఆటగాడి మీదే పడుతుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం జలుబు మాత్రల్లో ఉంది. జలుబు చేసిందని అక్కడి మందుల షాపులో కొనే మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉండొచ్చు. మ్యాచ్ జరిగే రోజుల్లో మూత్రంలో అది మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే డోపింగ్ కిందకే వస్తుంది. పారాసిటమాల్, ఓఆర్ఎస్, పిల్లలకు అలవాటైన మందులు ఇక్కడి నుంచే, డాక్టర్ చీటీతో సహా తీసుకెళ్లండి. ఏ మందైనా వేసే ముందు మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) వారి నో యువర్ మెడిసిన్ యాప్‌లో చూసుకోండి. ఉబ్బసం ఇన్‌హేలర్ వాడే పిల్లలుంటే వారాల ముందే డాక్టర్‌తో, ఫెడరేషన్‌తో మాట్లాడాలి.

జ్వరం ఉంటే ఆడించొద్దు. ఎంత దూరం వచ్చామన్నది అప్పుడు లెక్కలోకి రాకూడదు.

తూర్పుకు వెళ్తే

జపాన్, కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందు. పి.వి. సింధు 2012 జులైలో ఆసియా జూనియర్ టైటిల్ గెలిచిన గిమ్‌చియాన్ కూడా కొరియాలోనే ఉంది. అక్కడి ఉదయం 9 గంటలు మన 5.30. రోజూ 5కే కోర్టులో ఉండే అకాడమీ పిల్లలకు అది మామూలు ప్రాక్టీస్ వేళ. పొద్దున్నే లేచే అలవాటు ఇక్కడ వరం. వాళ్లకు ఇబ్బంది రాత్రి నిద్ర పట్టకపోవడమే, ఎందుకంటే అక్కడి 10.30 మన 7. వాళ్ల అడుగు పాయింట్ అక్కడి 5.30కి వస్తుంది, కాబట్టి 6.30 నుంచే వెలుతురులో నడిస్తే గడియారం త్వరగా సర్దుకుంటుంది.

ఏడున్నరకు లేచే పిల్లలకు మాత్రం 9 గంటల మ్యాచ్ నరకమే. వాళ్ల అడుగు పాయింట్ అక్కడి 8.30. దిగిన మర్నాడు 8.30 దాకా నల్ల కళ్లద్దాలు, టోపీ పెట్టుకుని, ఆ తర్వాత ఎండలోకి రావాలి. ఆ తర్వాత రోజుకు గంట చొప్పున ముందుకు జరుపుకోవాలి. వీళ్లు ఇంటి దగ్గర నాలుగైదు రోజుల ముందు నుంచే రోజుకు అరగంట ముందుగా లేవడం మొదలుపెట్టాలి.

అమెరికా పడమటి వైపు వేరే లెక్క. 2023 ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్స్ జరిగిన స్పొకేన్‌కు మనకు పన్నెండున్నర గంటల తేడా. 4.30కి లేచే పిల్లలకు అడుగు పాయింట్ అక్కడి మధ్యాహ్నం 1.30కి పడుతుంది. భోజనం తర్వాత వచ్చేది మామూలు మత్తు అనుకోవద్దు, అది శరీరానికి నడిరాత్రి. అంత తేడాకు వారం పైనే ముందు చేరాలి. గడియారాన్ని ఎటువైపు తిప్పాలో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌తో కూర్చుని ఒక్కో రోజుకు చార్ట్ వేయించుకోండి.

తిరిగి వచ్చాక

హార్లెమ్, బెర్లిన్ ముగించుకుని మార్చిలో ఇంటికి వచ్చేసరికి పదో తరగతి పరీక్షలు ఎదురుగా ఉంటాయి. వెళ్లేటప్పుడు అంత జాగ్రత్తగా ఉన్న కుటుంబాలు కూడా తిరుగు ప్రయాణాన్ని పట్టించుకోవు. ఇది తూర్పు ప్రయాణం, పైగా రెండు వారాల్లో పిల్లల గడియారం పూర్తిగా యూరప్‌కు అలవాటైపోయి ఉంటుంది. అక్కడ 6.30కి లేచిన పిల్లకు ఇక్కడ 11 దాకా మెలకువ రాదు. అడుగు పాయింట్ మన 8.30కి పడుతుంది.

వచ్చిన మర్నాడు ఉదయం 5 గంటల ట్రైనింగ్‌కు పంపితే, ఆ వేళ పడే వెలుతురు గడియారాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. నాలుగైదు రోజులు ఉదయం సెషన్ ఆపండి. మొదటి రోజు 9.30 దాకా పడుకోనిచ్చి, లేచాక మేడ మీద అరగంట ఎండలో నడిపించండి. రెండో రోజు 8.30, మూడో రోజు 7.30, ఇలా రోజుకు గంట. సాయంత్రం 7 తర్వాత ఇంట్లో లైట్లు తగ్గించాలి, ఫోన్ పక్కన పెట్టాలి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటొద్దు.

పరీక్ష ఉదయం 9.30కి ఉందంటే, కనీసం ఐదు రోజుల ముందు ఇల్లు చేరేలా తిరుగు టికెట్ తీసుకోండి. తక్కువ ధర అని పరీక్షకు ముందు రోజు దిగే టికెట్ బుక్ చేస్తే, ఆ అమ్మాయి హాల్లో కూర్చునే వేళ ఆమె శరీరానికి దాదాపు తెల్లవారుజాము 5 గంటలే అవుతుంది. మార్చి చివరి ఆదివారం యూరప్ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, ఆ తర్వాత వచ్చేవాళ్లు తేడా మూడున్నర గంటలుగా లెక్క వేసుకోవాలి. ఉదయం ట్రైనింగ్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలంటే, అలారం లేకుండా 6కు ముందే రెండు రోజులు వరుసగా లేచినప్పుడు.